నాదమునకు ఇల్లు కట్టిన వాస్తుశిల్పి

ఐరోపాలోని పురాతనమైన పెద్ద చర్చిలలో అడుగిడిన యాత్రికుని చూపు, పడమటి గోడ నానుకొనియో, గాయకుల ఆవరణమునకు ముందున్న రాతి అడ్డుగోడపై నెక్కియో, మిలమిలలాడు లోహపు గొట్టములతోను కొయ్యచెక్కడపు శిఖరములతోను భవనములో నింకొక భవనమై నిలిచియున్న పైపు ఆర్గన్ అనెడి మహావాద్యము వైపునకు తనంత తానే మరలును. కంటికి కనబడు ఆ గొట్టములే వాద్యమంతయు నని యాతడు భ్రమించుట సహజము. నిజమునకు పెద్ద ఆర్గన్‌లో గొట్టములు వేలకొలది యుండును. ముందువైపున కొలువుదీరునవి వానిలో కొన్ని మాత్రమే. తక్కినవి, వ్రేలెడు పొడవు గలవి మొదలుకొని ముప్పదిరెండడుగుల పొడవు గలవాని వఱకు, వెనుక చీకటిలో గాలిపెట్టెలపై బారులు తీరి నిలిచియుండును. ఈ సమూహమునంతటిని తనలో నిముడ్చుకొని, ముందువైపున దానికొక ముఖశోభను కల్పించు కొయ్యకట్టడమును ఆర్గన్ కేసు అందురు. చర్చిలను నిర్మించుచు, జీర్ణోద్ధరణములు చేయుచు, ఆ పనుల నడుమ ఈ పేటికల రూపకల్పనమును జీవితాంతము ప్రీతితో సాగించిన వాస్తుశిల్పులు ఇంగ్లండులో కొందఱు గలరు. స్టీఫెన్ డైక్స్ బవర్ వారిలో నొకడు. ఆయన 1903లో జన్మించి, తొంబదియొక్క యేండ్లు జీవించి, 1994లో గతించెను.

ఆయన పనితనమును గ్రహింపవలెనన్న ముందుగా ఈ వాద్యము పలుకు తీరును కొంత తెలిసికొనవలయును. నాటకరంగము పుణ్యమా యని తెలుగువారికి హార్మోనియము చిరపరిచితమే. దానిలో లోహపు నాలుకలు కంపించి స్వరమును పలుకును. ఆర్గన్‌లో నట్టి నాలుకల గొట్టములును కొన్ని గలవు గాని, ఎక్కువ గొట్టములలో తిత్తుల నుండి వచ్చిన గాలి అడుగుననున్న నోటి యొద్ద చీలి, గొట్టములోని వాయుస్తంభమునే మ్రోగించును. మీద తెఱచియున్న గొట్టము ఎనిమిదడుగులు పొడవైనచో మంద్రములో నొక షడ్జమమును పలికినదనుకొందము. దాని పైస్థాయి షడ్జమమునకు నాలుగడుగులు, అంతకు పైదానికి రెండడుగులు చాలును. అనగా ప్రతి స్థాయికిని పొడవు సగమగుచుండును. కావున వాస్తుశిల్పి తనకు నచ్చినంత ఎత్తున స్తంభములను నిలిపినట్లు ఈ గొట్టములను నిలుపజాలడు. వాని ఎత్తులను నిర్ణయించునది స్వరశాస్త్రము. పొడవైనవానిని గోపురములుగా గుంపుగూర్చి, పొట్టివానిని వాని నడుమ చదునైన వరుసలుగా నమర్చి, గొట్టముల కొనలకును పై చట్టమునకును మధ్య మిగిలిన వికారమైన ఖాళీలను ఆకులతో, తీగలతో, దేవదూతల రూపములతో చెక్కిన జాలరులచే కప్పుటయే శిల్పికి దక్కిన స్వేచ్ఛ.

అయితే ఈ కేసు కేవలాలంకారము కాదు. వీణకు పనసకొయ్య కుండ యెట్టిదో ఆర్గన్‌కు పేటిక యట్టిది. వెనుకను, ప్రక్కలను, పైని మూసి, ముందువైపున మాత్రము తెఱచిన లోతు తక్కువ పేటిక, లోని గొట్టముల వేర్వేఱు ధ్వనులను ఒండొంటితో మేళవించి, చెదరనీయక సభ మీదికి త్రోయును. జర్మనీ దేశపు ప్రాచీన నిర్మాతలకు ఈ రహస్యము కరతలామలకము. హాంబర్గు నగరమున సెయింట్ జేకబ్ చర్చిలో ఆర్ప్ ష్నిట్గర్ 1693లో ముగించిన ఆర్గన్‌ను చూచినచో, ఒక్కొక్క గొట్టపు సముదాయమునకు ఒక్కొక్క ప్రత్యేక పేటిక యుండి, ఏ విభాగము ఎచ్చటినుండి పలుకునో ముఖము చూచియే చెప్పవచ్చును. వైన్‌గార్టెన్ మఠములోనైతే యోసెఫ్ గాబ్లర్‌కు పడమటి గోడలోని ఆఱు కిటికీలను మూయరాదను నిర్బంధము కలుగగా, ఆయన వాద్యమును ముక్కలు ముక్కలుగా విడదీసి వెలుతురు చుట్టును అల్లి, 1750 నాటికి పూర్తిచేసెను. అడ్డంకియే అందమునకు మూలమైన యట్టి ఉదాహరణములు వాస్తువిద్యలో నరుదు.

ఇంగ్లండు చరిత్రము వేఱు. అంతర్యుద్ధ కాలమున, 1644లో, పార్లమెంటు చర్చిలనుండి ఆర్గన్‌లను తొలగింపుమని శాసించుటచే ప్రాచీనమైన పేటికలలో అనేకములు గొడ్డళ్ల పాలయ్యెను. పిమ్మట లండనులోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌కు 1690ల చివరి భాగమున క్రిస్టఫర్ రెన్ పేటికను కల్పింపగా, గ్రిన్లింగ్ గిబ్బన్స్ దానిని చెక్కెను. గొట్టములకు చోటు చాలదని నిర్మాత ఫాదర్ స్మిత్‌కును, పేటికను పెంచనని రెన్‌కును జరిగిన కలహమును గూర్చి నేటికిని కథలు చెప్పుకొందురు. ఈ వృత్తిలోని చిక్కంతయు ఆ కలహములోనే యున్నది. వాద్యకారునికి చోటు కావలయును, శిల్పికి సౌష్ఠవము కావలయును.

పందొమ్మిదవ శతాబ్దమున వాద్యములు స్థూలకాయములగుచు వచ్చుటచే పేటికలు క్రమముగా లోపించి, రంగులద్దిన గొట్టములు కంచెకట్టినట్లు బయటనే నిలువసాగెను. ఈ దురభ్యాసమునకు ఎదురీదినవారును లేకపోలేదు. ఈలీ కథీడ్రల్‌లో గిల్బర్ట్ స్కాట్ 1851లో గోడకు వ్రేలాడు పేటికను కల్పించెను; ఆర్థర్ జార్జి హిల్ అను నిర్మాత ఐరోపాలోని ప్రాచీన పేటికలను స్వహస్తముతో చిత్రించి 1883, 1891 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించెను. డైక్స్ బవర్ ఈ పరంపరకు వారసుడు.

వారసత్వమని తేలికగా అనుటయే గాని, ఆయన కాలము దానికి బొత్తిగా అనుకూలము కాదు. ఆయన వృత్తిలో ప్రవేశించిన 1930ల నాటికి కాంక్రీటు, గాజు, నిరలంకారమైన గోడలు నవీనతకు చిహ్నములైనవి. మధ్యయుగపు చర్చిల గోథిక్ శైలి చచ్చిన శైలి యని పండితులు నిర్ధారించియుండిరి. ఆయన మాత్రము అది చావలేదని నమ్మెను. అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు: ఆయన వాస్తువిద్య నభ్యసించుటకు మునుపే ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కళాశాలలో ఆర్గన్ స్కాలరుగా, అనగా కళాశాల చర్చిలో వాద్యము వాయించెడి విద్యార్థిగా, నుండెను. సోదరుడు జాన్ డైక్స్ బవర్ 1936 మొదలు 1968 వఱకు సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆర్గన్ విద్వాంసుడు. మెట్లపై వ్రేళ్లాడించిన శిల్పికి పేటిక వెలుపలి నుండి గాక లోపలి నుండి తెలియును. అట్టివాడు గాలిపెట్టెలెక్కడ, శ్రుతి సరిచేయువాడు ఏ సందున దూరవలెను అను ప్రశ్నలను విసుగుగా గాక విషయముగా గ్రహించునని నా యభిప్రాయము.

నార్విచ్ కథీడ్రల్‌లో 1938లో జరిగిన అగ్నిప్రమాదము వలన ఆర్గన్ దెబ్బతినెను. యుద్ధకాలమున నూతన వాద్యము వెలసినది గాని, దానికి తగిన పేటిక 1950లో గాని సమకూడలేదు. దానిని కల్పించినవాడు డైక్స్ బవర్. మధ్యయుగపు రాతి అడ్డుగోడపై, పొడవైన ఆ మందిరమునకు నడుమ, అది నిలిచియున్నది. కనుక తూర్పున గాయకులకును పడమట సభకును రెండు ముఖములను చూపవలసి వచ్చినది. అట్టి చోట పేటిక కొంచెము బరువైనను మందిరపు నిడివి తెగిపోవును, మఱీ సన్ననైనచో వెనుకనున్న వాద్యము దాగదు. యుద్ధము ముగిసి అయిదేండ్లయినను కాని కాలమున, కొయ్యకును పనివారికిని కఱవైన దేశములో, ఇట్టి చెక్కడమును తలపెట్టుట కొందఱికి అవివేకముగా తోచియుండవచ్చును. నాకది ధైర్యముగానే తోచుచున్నది.

ఆ మరుసటి యేడే, 1951లో, ఆయన వెస్ట్‌మినిస్టర్ ఆబీ భవనములకు సర్వేయరుగా, అనగా వాని సంరక్షణభారము వహించెడి వాస్తుశిల్పిగా, నియుక్తుడై 1973 వఱకు ఆ పదవిలో నుండెను. అచ్చట పందొమ్మిదవ శతాబ్దాంతమున జాన్ లఫ్‌బరో పియర్సన్ నిర్మించిన రెండు పేటికలు కలవు. వాద్యమును 1937లో క్రొత్తగా నిర్మించినప్పుడు అవి తమ తావున లేవు. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకము జరిగిన 1953లో గూడ అవి తిరిగి వెలయలేదు. 1959లో వానిని మరల నిలిపి, రంగులతో సింగారించిరి. ఆ వర్ణవిన్యాసము డైక్స్ బవర్‌ది. ఆయనకు రంగనిన భయము లేదు. మధ్యయుగపు మందిరములు తమ కాలమున నెఱుపు, నీలి, పసిడి వన్నెలతో వెలిగినవేగాని బూడిదరంగు రాతిగుహలు కావని ఆయన యెఱుగును. ఆ పదవిలో ఆయన చేసిన అన్ని పనులును మన్ననల నందలేదు. ప్రాచీనమైన పైకప్పు దూలములను మార్పించుటను ఆక్షేపించినవారు పలువురు. ఆ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. పాతదానిని కాపాడువాడును, పాతశైలిలో క్రొత్తది కట్టువాడును ఒకే మనుష్యుడైనపుడు రెండవవాడు మొదటివానిని అప్పుడప్పుడు ఓడించుచుండును.

గోథిక్ శైలి మీది తన నమ్మకమునకు తుది సాక్ష్యముగా, తన ఆస్తిని ఆయన బరీ సెయింట్ ఎడ్మండ్స్ కథీడ్రల్ నిర్మాణము ముగించుటకై వ్రాసియిచ్చెను. అచ్చటి గోథిక్ శిఖరము ఆయన మరణించిన పదునొకండేండ్లకు, 2005లో, పూర్తియయ్యెను.

అట్లని ఆర్గన్‌కు ముఖమును కల్పించెడి ఈ విద్య గోథిక్ శైలితోనే ముడివడినదని యెంచరాదు. లాస్ ఏంజిలిస్‌లోని వాల్ట్ డిస్నీ సంగీతశాలకు వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ, ఆర్గన్ నిర్మాత మాన్యుయెల్ రోజాలెస్‌తో వాదించుచు, నమూనా వెంబడి నమూనా మార్చుచు, 2004 నాటికి 6,134 గొట్టముల వాద్యమునకు ముఖమును కల్పించెను. వంకరలు తిరిగిన చతురస్రపు కొయ్యగొట్టములు నలుదిక్కులకును విరజిమ్మినట్లుండు ఆ ముఖమును చూచి ఆ యూరివారు వేయించిన బంగాళదుంప ముక్కలని పరిహాసమాడిరి. ఆ వంకర గొట్టములలో పెక్కు కేవలము బొమ్మలు కావు. డగ్లస్ ఫర్ కొయ్యతో చేసిన ఆ ముప్పదిరెండడుగుల మంద్రస్వరపు గొట్టములు నిజముగనే పలుకును.