పేకాట బిళ్లలకూ ఒక క్యాష్ లెక్క

తాల్‌బగీచా అంటే బెంగాలీలో తాటితోట. రైలు పనికి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో సెలవురోజు నలుగురు చేరితే రమ్మీ మొదలవుతుంది. లెక్కకు ఒకప్పుడు చింతపిక్కలు, గవ్వలు పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు పోకర్ చిప్స్ పేరుతో రంగు బిళ్లలు దొరుకుతున్నాయి. మనకు కావలసిన బొమ్మ, అంకె వేయించి సొంత సెట్టు చేయించుకోవచ్చు కూడా. చేయించే ముందు చాలామంది బొమ్మ గురించే ఆలోచిస్తారు. ముందు తేల్చుకోవలసింది డినామినేషన్. ఈ విద్య బ్యాంకు వాళ్ల ఇళ్లకు కొత్తది కాదు.

25 ఎందుకు వద్దు?

బజారు సెట్లలో సాధారణంగా 1, 5, 25, 100 అంకెలుంటాయి. అవి కాసినోల లెక్క. మన పదమూడు ముక్కల రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80. ఇరవై బిళ్ల ఉంటే ఈ మూడూ ఒకటి, రెండు, నాలుగు బిళ్లలతో తీరిపోతాయి. పాతిక బిళ్లతో ప్రతిసారీ చిల్లర వెతుక్కోవాలి. కాబట్టి మన సెట్టుకు 1, 5, 20, 100 సరిపోతాయి.

ఎన్ని కావాలి?

ఆరుగురు ఆడతారనుకుందాం. ఒక్కొక్కరికి 500 పాయింట్లు ఇలా పంచవచ్చు: ఒకట్లు 10, అయిదులు 10, ఇరవైలు 12, వందలు 2. అంటే మనిషికి 34 బిళ్లలు, ఆరుగురికి 204. అయిపోయినవాళ్లకు మళ్లీ ఇవ్వడానికి, చిల్లర మార్చడానికి నిల్వ ఉండాలి కదా. అందుకని మొత్తం 300 చేయించుకుంటే మంచిది: ఒకట్లు 80, అయిదులు 80, ఇరవైలు 100, వందలు 40. వాటి విలువ 6,480 పాయింట్లు. ఆటగాళ్లకు 3,000 పోగా పెట్టెలో 3,480 మిగులుతాయి.

పోకర్ ఆడినా ఇదే సెట్టు పనికొస్తుంది. ఒకట్లు పక్కన పెట్టి మనిషికి అయిదులు 12, ఇరవైలు 12, వందలు 2 ఇస్తే మళ్లీ 500 అవుతుంది. బ్లైండ్లు 5, 10తో మొదలుపెట్టవచ్చు.

రంగు, సరుకు

ఒకటికి తెలుపు, అయిదుకు ఎరుపు, ఇరవైకి ఆకుపచ్చ, వందకు నలుపు వాడితే రాత్రి దీపం కింద కూడా తేడా తెలుస్తుంది. అయితే కొందరికి ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. రైల్వేలో కంటి పరీక్షకు వెళ్లిన ఇళ్లలో ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే అంకె పెద్దదిగా ఉండాలి, అంచు మీది గీతలు ఒక్కో విలువకు ఒక్కో సంఖ్యలో ఉండాలి.

ప్లాస్టిక్ బిళ్ల మీద స్టిక్కర్ అంటించేది చవక, కానీ వాడగా వాడగా అంచులు లేస్తాయి. సిరామిక్ బిళ్లకు ముఖం మీదా అంచు మీదా నేరుగా అచ్చు పడుతుంది, ధర ఎక్కువ. మామూలు కొలత 39 మిల్లీమీటర్లు. సిరామిక్ బిళ్ల సుమారు 10 గ్రాములు, అంటే 300కు మూడు కిలోలు. ముందు నాలుగు రంగుల నమూనాలు తెప్పించుకుని ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వండి. అంకె వాళ్లకు కనిపిస్తేనే ఆర్డర్ పెట్టండి. పోయేవాటికి బదులుగా ప్రతి విలువలో కొన్ని ఎక్కువే చేయించండి. తర్వాత తెప్పిస్తే రంగు ఛాయ కలవకపోవచ్చు.

బొమ్మకు మన వాడ పేరులోని తాటిచెట్టే చాలు. రూపాయి గుర్తు, బ్యాంకు చిహ్నం మాత్రం వేయించవద్దు.

బిళ్ల వెనక డబ్బు ఉండకూడదు

రూపాయి గుర్తు వద్దనడానికి కారణముంది. నోటు తీసి ఇవ్వడానికి వెనకాడే చెయ్యి బిళ్లను సులువుగా తోసేస్తుంది. కాసినోలు బిళ్లలు వాడటం వల్ల వాటికి కలిసొచ్చేది అదే. చట్టం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. రమ్మీలో నైపుణ్యానిదే ముఖ్యపాత్ర అని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1960లలోనే చెప్పింది. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం బ్రిడ్జి, పోకర్, రమ్మీలను జూదం నిర్వచనం నుంచి మినహాయించింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను కఠినం చేశాయి. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లేటప్పుడు సెట్టు సంచిలో పెట్టుకుంటే ఈ తేడా గుర్తుండాలి.

డబ్బు లేని ఆటకు పందెం దొరక్కపోదు. ఆఖరున తక్కువ పాయింట్లున్నవాళ్లు అందరికీ టీ పెట్టాలి, లేదా గిన్నెలు కడగాలి. పిల్లలు పక్కనే కూర్చుని చూసినా నష్టం లేదు. పైగా వాళ్లకొక పని అప్పగించవచ్చు. ఆట ముగిశాక బిళ్లలను ఇరవైల దొంతరలుగా పేర్చి విలువ కట్టమనండి. పంచినవి 3,000, మధ్యలో మళ్లీ ఇచ్చినవి 500 అయితే బల్ల మీద 3,500 తేలాలి. ఒక్క పాయింటు తగ్గినా చాప కింద వెతికి లెక్క సరిపెట్టాకే పెట్టె మూయాలి.