బిగువు - సడలింపు

ద్విచక్ర వాహనం నడిపేవారికి వెనుక చక్రాన్ని తిప్పే గొలుసు నిత్యం కనిపిస్తూనే ఉంటుంది. ఇంజిన్ లోపల, నూనెలో తడుస్తూ మరొక సన్నని గొలుసు తిరుగుతున్నదన్న సంగతి మాత్రం అది చప్పుడు చేసిననాడు గాని చాలామందికి తెలియదు. ఒంగోలుకు దక్షిణంగా, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న సింగరాయకొండ వంటి ఊళ్లలో ఇంటింటికీ పాలు పోసేవారికి, పాకల తీరం నుండి చేపలు తెచ్చి అమ్మేవారికి, దూరపు చేలకు వెళ్లివచ్చే రైతులకు మోటారు సైకిలే ఆధారం. బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే నాలుగు రోజుల రాబడి పోయినట్లే. అందుచేత ఆ చిన్న గొలుసు సంగతి తెలుసుకోదగినది.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్ కదలికకు అనుగుణంగా వాల్వులు తెరుచుకొని మూసుకోవాలి. కింద క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి పైనున్న కామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగి వాల్వులను నడుపుతుంది. ఈ రెండింటినీ కలిపేదే కామ్ చైన్. మెకానిక్కులు దీనిని టైమింగ్ చైన్ అంటారు. ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. అంతటి వేగంలో గొలుసు పిన్నులు అరుగుతాయి. గొలుసు క్రమంగా సాగుతుంది. సాగిన గొలుసు గలగలమంటుంది, బండి లాగుడు తగ్గుతుంది. మరీ వదులైతే పళ్లచక్రం మీద ఒక పన్ను దాటి దూకుతుంది. అప్పుడు తెరిచి ఉన్న వాల్వును పైకి వచ్చే పిస్టన్ ఢీకొనవచ్చు. వాల్వు వంగినా, పిస్టన్ పగిలినా ఇంజిన్ విప్పక తప్పదు.

ఈ చిక్కు మనవారికి మరీ పాతది కాదు. రెండు స్ట్రోకుల యమహా ఆర్.ఎక్స్.100కు కామ్ షాఫ్టే లేదు. పాత బుల్లెట్‌లో వాల్వులను కడ్డీలు నడిపేవి. 1985లో హీరో హోండా సి.డి.100, 1994లో స్ప్లెండర్ వచ్చిన తరువాత కామ్ చైన్ పల్లెపల్లెకూ చేరింది. పెట్రోలు పోయించుకొని ఇక మరచిపొమ్మన్నది సి.డి.100 ప్రకటన సారాంశం. మరచిపోరానివి లోపల కొన్ని ఉండనే ఉన్నాయి.

గొలుసు వదులును సరిచేసే సాధనం టెన్షనరు. గొలుసు వదులుగా ఉండే వైపున ఒక పట్టీని నొక్కి పట్టి ఉంచడం దీని పని. స్వయంచాలక టెన్షనరులో స్ప్రింగు ఒక కడ్డీని ముందుకు నెడుతుంది. చాలా రకాలలో ఆ కడ్డీ వెనుకకు రాకుండా రాట్చెట్ పళ్లు అడ్డుకుంటాయి. కొన్ని ఇంజిన్లలో నూనె ఒత్తిడే ఆ పని చేస్తుంది. నడిపేవాడు చేయవలసినదేమీ లేదు. అయితే స్ప్రింగు నీరసించినా, పళ్లు అరిగినా కడ్డీ వెనుకకు జారి గొలుసు వదులవుతుంది. అంతవరకు చప్పుడు లేకపోవడం వల్ల గొలుసు ఎంత సాగిందో కూడా తెలియదు.

అటువంటి టెన్షనరు పాడైనప్పుడు రెండు దారులుంటాయి. అదే రకం కొత్తది వేయించుకోవడం ఒకటి. దొరికే బండ్లకు బోల్టు, లాక్ నట్టు ఉన్న చేతి టెన్షనరు బిగించుకోవడం రెండవది. రెండవ దానిలో జారిపోయే పళ్లు లేవు, నీరసించే స్ప్రింగు లేదు. పట్టుకుంటే పట్టుకున్నట్లే ఉంటుంది. కానీ గొలుసు సాగినకొద్దీ మనిషి చెవితో విని, పానాతో సరిచేయాలి.

సరిచేయడంలోనే అసలు ప్రమాదం ఉన్నది. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం ఇంజిన్ వేడెక్కినప్పుడు ఉక్కు గొలుసు మరింత బిగుస్తుంది. చల్లని ఇంజిన్‌లో చప్పుడు పూర్తిగా పోయేదాకా బిగించినవాడు, మే నెల ఎండలో రహదారి ఎక్కగానే గొలుసును, పట్టీని, బేరింగులను అరగదీస్తాడు. గలగల శబ్దం పోయి సన్నని కూత వినిపిస్తే బిగువు ఎక్కువైనదని గుర్తు. వీణ తంత్రి మరీ బిగియరాదు, మరీ సడలరాదు అని బుద్ధుడు శోణుడనే భిక్షువుకు బోధించినట్లు బౌద్ధ వాఙ్మయం చెబుతున్నది. ఆయన ఉద్దేశించినది సాధనను గురించి. షెడ్డులో పానా పట్టినవానికీ అది పనికివస్తుంది.

ఇంజిన్ శబ్దాన్ని గుర్తించగలిగి, కొన్ని వేల కిలోమీటర్లకొకసారి ఓపికగా చూసుకొనేవారికి చేతి టెన్షనరు మేలు. తెల్లవారుజామున పాలక్యాన్లు కట్టుకొని బయలుదేరేవారికి ఆ తీరిక ఉండదు. వారికి స్వయంచాలకమే తగినది. దానితోపాటు నూనెను సకాలంలో మార్పించడం అవసరం. ఎందుకంటే ఆ గొలుసుకు కందెన ఆ నూనే.

ఏ రకమైనా టెన్షనరు విప్పి ఉన్నప్పుడు ఇంజిన్‌ను తిప్పరాదు. స్వయంచాలకాన్ని తిరిగి బిగించే ముందు కడ్డీని లోపలికి నెట్టి ఉంచాలి. విప్పినప్పుడే ఆ కడ్డీ ఎంత బయటికి వచ్చి ఉన్నదో చూడమని మెకానిక్కును అడగాలి. చివరిదాకా వచ్చి ఉంటే మార్చవలసినది గొలుసునే. కొత్త టెన్షనరుకు పెట్టిన డబ్బు వృథా.