పిట్టలూ... పిడుదులూ!

మీ అబ్బాయో అమ్మాయో ఇంగ్లండులో ఉంటున్నారా? ఇక్కడి ఎండలు తప్పించుకుని రెండు మూడు నెలలు అక్కడ గడిపి రావాలని ఉందా? తప్పకుండా వెళ్ళండి. అయితే అక్కడికి వెళ్ళిన పెద్దవాళ్ళలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. మాట్లాడేందుకు ఇరుగుపొరుగు ఉండదు. పొద్దస్తమానం సోఫాలో కూర్చుంటే ఒళ్ళు బరువెక్కుతుంది, చక్కెర పెరుగుతుంది, మనసు దిగులు పడుతుంది. దీనికి ఆ దేశం వాళ్ళే కనిపెట్టుకున్న మంచి మందు ఒకటి ఉంది. అదే పిట్టలను చూడటం!

నవ్వకండి. ఇది పనిలేనివాళ్ళ పని కాదు. 2022లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 1,292 మందిని పరిశీలించారు. పక్షిని చూసినా, దాని కూత విన్నా వాళ్ళ మనసు తేలికపడినట్టు, ఆ ప్రభావం 8 గంటల దాకా నిలిచినట్టు గమనించారు. దిగులు జబ్బుతో బాధపడేవారిలో కూడా ఈ మేలు కనిపించింది. అంతకుముందు 2019లో ఇంగ్లండులో సుమారు 20,000 మంది వివరాలతో చేసిన మరో పరిశీలనలో, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చని చోట్ల గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒక్కసారే కానక్కరలేదు. రోజుకు ఇరవై నిమిషాలైనా సరిపోతుంది. అలాగని వాడుతున్న మందులు మానేయమని మాత్రం కాదు!

ఎక్కడికి వెళ్ళాలి?

లండనుకు ఈశాన్యంగా, సముద్రం ఒడ్డున నార్ఫోక్ అనే జిల్లా ఉంది. పక్షుల ప్రేమికులకు అది కాశీ వంటిది. అక్కడి క్లై గ్రామం దగ్గరున్న చిత్తడి నేలలను 1926లో పక్షుల కోసం కొని కాపాడిన సిడ్నీ లాంగ్ కూడా ఒక డాక్టరే! ఆ ఏడాది ఆయన ప్రారంభించిన సంస్థే నేటికీ వాటిని చూసుకుంటోంది.

క్లై, టిచ్‌వెల్ రెండుచోట్లా పక్షులను చాటునుంచి చూసేందుకు బెంచీలు వేసిన చెక్క గదులున్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు అక్కడ హాయిగా కూర్చుని చూడవచ్చు. నలుపు తెలుపు ఒంటితో, పైకి వంపు తిరిగిన సన్నని ముక్కుతో నీళ్ళను అటూ ఇటూ చిలికే అవొసెట్ పక్షిని అక్కడ సులువుగా గుర్తుపట్టవచ్చు. రెల్లు దుబ్బులపైన రెక్కలు చాచి డేగజాతి పక్షులు తిరుగుతుంటాయి. హిక్లింగ్ సరస్సు దగ్గర మే చివరినుంచి జూలై దాకా పసుపు నలుపు రంగుల తోక సీతాకోకచిలుక కనిపిస్తుంది. బ్రిటన్ మొత్తంలో అది గుడ్లు పెట్టి పెరిగేది నార్ఫోక్ చిత్తడి నేలల్లోనే. మన కరివేపాకు చెట్టు మీద పెరిగే సీతాకోకచిలుకలకు అది చుట్టం. థెట్‌ఫర్డ్ అడవికి వెళితే, మసక చీకట్లో రాట్నం తిప్పినట్టు ఆగకుండా కూసే నైట్‌జార్ పక్షి వినిపిస్తుంది.

ఒక చిన్న జాగ్రత్త. జూన్ నెలలో అక్కడ తెల్లవారు జామున నాలుగున్నరకే సూర్యోదయం, రాత్రి తొమ్మిది దాటాక సూర్యాస్తమయం. ఇంకా వెలుతురు ఉంది కదా అని భోజనం ఆలస్యం చేయకండి. మాత్రలు గడియారం చూసి వేసుకోండి, పొద్దు చూసి కాదు.

పిడుదును మరచిపోకండి

ఇక అసలు విషయానికి వద్దాం. పాము గురించి, తేలు గురించి భయపడే మనం, గసగసం గింజంత పిడుదును లెక్కచేయం. ఇంగ్లండులోని పొడుగు గడ్డిలో, అడవుల్లో పశువులనూ జింకలనూ పట్టే పిడుదులు ఉంటాయి. థెట్‌ఫర్డ్ అడవి వాటికి పేరుపడ్డ చోటు. పిడుదు ఎగరదు, దూకదు. గడ్డి కొసన కాచుకుని ఉండి, మీ బట్ట తగలగానే పట్టుకుంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు. కొన్ని పిడుదుల్లో లైమ్ జబ్బు క్రిములు ఉంటాయి. ఈ పేరుకూ నిమ్మకాయకూ సంబంధం లేదు. అది అమెరికాలోని ఒక ఊరి పేరు.

అన్ని పిడుదుల్లోనూ ఈ క్రిములు ఉండవు. కాబట్టి భయపడి ఇంట్లో కూర్చోనవసరం లేదు. ఈ జాగ్రత్తలు పాటించండి:

నడక బాటల మధ్యనే నడవండి. చీర కుచ్చిళ్ళు, పంచె అంచులు గడ్డిని ఊడుస్తూ వెళ్ళడం మంచిది కాదు. పాంటో సల్వారో వేసుకుని, అంచులను మేజోళ్ళలోకి దోపుకోండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. లేత రంగు బట్టలైతే పిడుదు పాకుతుంటే కనబడుతుంది. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనుక, గజ్జలు, చంకలు, నడుము, మెడ, జుట్టు కుదుళ్ళు వెతుక్కోండి. ఒకరి వీపు ఒకరు చూడండి. మనవలతో వెళితే వాళ్ళ చెవుల వెనుక కూడా చూడండి.

పిడుదు కనిపిస్తే కిరసనాయిలు పోయడం, సున్నం రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయరాదు. సన్నని మొన ఉన్న పట్టకారుతో దాన్ని చర్మానికి ఆనుకుని పట్టుకుని, నలపకుండా, నెమ్మదిగా నిటారుగా పైకి లాగండి. తర్వాత సబ్బుతో కడగండి. ఎంత త్వరగా తీస్తే ముప్పు అంత తక్కువ. తీసిన తేదీని కాగితంమీద రాసి పెట్టుకోండి.

ఆ తేదీ ఎందుకు?

లైమ్ జబ్బు సోకితే మామూలుగా 1 నుంచి 4 వారాల్లో కుట్టినచోట గుండ్రని మచ్చ వచ్చి, రోజురోజుకూ పెద్దదవుతుంది. కొందరిలో 3 నెలల దాకా కూడా రావచ్చు. అది దురద పెట్టకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. తెల్లవారి చర్మం మీద ఎర్రగా కనిపించే ఈ మచ్చ మన చామనఛాయ ఒంటిమీద కమిలిన గాయంలా ఉండవచ్చు. ఎక్కడో తగిలిందిలే అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది. కొందరికి మచ్చే రాదు. జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, నీరసం మాత్రమే వస్తాయి.

మూడు నెలలంటే ఏమిటి? ఈలోగా మీరు మన ఊరు తిరిగి వచ్చేసి ఉంటారు! జ్వరమని వెళితే, ఇక్కడి డాక్టరు సహజంగా మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షలు చేయిస్తారు. మీరు చెప్పకపోతే ఇంగ్లండు పిడుదు సంగతి ఆయనకు ఎలా తెలుస్తుంది? కాబట్టి "డాక్టరుగారూ, నేను ఫలానా నెలలో ఇంగ్లండులో గడ్డి నేలల్లో తిరిగాను, ఫలానా తేదీన పిడుదు కుట్టింది" అని మీరే ముందు చెప్పండి. తొలిదశలోనే గుర్తిస్తే సాధారణంగా మూడు వారాల యాంటీబయాటిక్ మందులతో జబ్బు నయమవుతుంది. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో ముఖం ఒకవైపు వంకరపోవడం, నరాల బాధలు, మోకాళ్ళ వాపు, అరుదుగా గుండెదడ వంటివి రావచ్చు. మోకాలు వాస్తే వయసు మీదపడిందని తైలం రాసుకుంటూ కాలం గడపకండి. అలాగని మందుల షాపులో మీరే కొని వాడకండి, డాక్టరు రాసిచ్చినవి మధ్యలో మానకండి. ఇంగ్లండులో ఉండగానే అనుమానం వస్తే 111 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

మరికొన్ని మాటలు

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు, ఎక్కువ నడిచిన రోజున చక్కెర పడిపోకుండా గ్లూకోజు జేబులో ఉంచుకోండి. పిడుదుల కోసం వెతికేటప్పుడే అరికాళ్ళలో పుండ్లు, బొబ్బలు లేవని కూడా చూసుకోండి. తుమ్ములు, కళ్ళ దురద ఉన్నవారికి జూన్, జూలైలలో గడ్డి పుప్పొడి పడకపోవచ్చు. డాక్టరు సలహాతో మందు దగ్గర ఉంచుకోండి. చల్లగా ఉంది కదా అని మోసపోకండి. అక్కడి వేసవి ఎండ కూడా చర్మాన్ని కాలుస్తుంది, టోపీ పెట్టుకోండి. చనిపోయిన పక్షి కనిపిస్తే ముట్టుకోవద్దు, మనవలను ముట్టుకోనివ్వద్దు. 2022 వేసవిలో బర్డ్ ఫ్లూ వల్ల నార్ఫోక్ తీరంలో సముద్రపు పక్షులు చాలా చనిపోయాయి.

ఇన్ని జాగ్రత్తలా అని విసుక్కోకండి. వెతుక్కోవడానికి పట్టేది ఐదు నిమిషాలు. పిట్టను దూరంనుంచి చూడండి, పిడుదును దగ్గరగా వెతకండి. మొదటిది మనసుకు మంచిది, రెండవది ఒంటికి మంచిది.