కిర్రుమనే చెక్క

వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళి, రెండు నెలల తరువాత మస్కట్‌ చేరిన కుటుంబానికి ఇంటి తాళం తీయగానే ఎదురయ్యే చిక్కులలో చెక్కది ఒకటి. పడకగది తలుపు చట్రంలో బిగుసుకొని ఒక పట్టాన తెరుచుకోదు. చెక్కనేల ఉన్న ఇంట్లోనైతే పలకలు అక్కడక్కడ ఉబ్బి కనిపిస్తాయి. ఎయిర్ కండిషనర్ నడిచిన కొన్నాళ్ళకు తలుపు తనంతట తానే సర్దుకొంటుంది గాని, నేల మాత్రం అడుగు వేసినప్పుడల్లా కిర్రుమనడం మొదలుపెడుతుంది. అప్పుడే నిద్రపుచ్చిన పసిబిడ్డ ఉన్న గదిలో ఆ శబ్దం ఎంతటి బాధో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. చెక్క పుచ్చిపోయింది, నేలంతా మార్చాలి అనే సలహా కూడా వెంటనే వినవస్తుంది. చాలా సందర్భాలలో అది అనవసరపు ఖర్చు.

ఒమన్‌లో ఎక్కువ ఇళ్ళకు కాంక్రీటు మీద పరచిన టైల్స్ నేలలే. చెక్కనేలలు కొన్ని ఇళ్ళకే పరిమితం. అయినా మంచాలు, మెట్లు, తలుపులు ఉన్న చోటల్లా ఈ కథ ఒక్కటే.

చెక్క నిర్జీవమైనదే అయినా గాలిలోని తేమను పీల్చుకోవడం, విడిచిపెట్టడం మానదు. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతం ఉంటే చెక్కలోని తేమ క్రమంగా దాని పొడి బరువులో 6 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఆర్ద్రత 80 శాతానికి పెరిగితే అది సుమారు 16 శాతానికి చేరుతుంది. ఈ తేడా వలన పలక పొడవు దాదాపు మారదు; మారేది వెడల్పే. స్థిరత్వానికి పేరుపొందిన టేకు పలక సైతం, 100 మిల్లీమీటర్ల వెడల్పున్నది, కోతను బట్టి రెండు మిల్లీమీటర్ల వరకు పెరిగి తరగగలదు. గది పొడవునా పరచిన పలకల సంఖ్యతో దీనిని గుణిస్తే నేల ఎందుకు ఉబ్బిందో తెలుస్తుంది.

మస్కట్‌ వేసవి ఈ మార్పులకు పుట్టినిల్లు. సముద్రపు గాలి తేమను మోసుకొస్తుంది. ఎడారి నుండి 'గర్బీ' వీచిందంటే ఆ తేమ అంతా ఆవిరైపోతుంది. ఇంటిలోపల ఎయిర్ కండిషనర్ గాలిలోని ఆవిరిని నీరుగా మార్చి బయటకు పంపుతుంది. కిటికీ కింద గొట్టం నుండి బొట్లుబొట్లుగా కారేది ఆ నీరే. రెండు నెలలు ఇల్లు మూసి ఉంచితే చెక్క ఉబ్బుతుంది. తిరిగివచ్చి యంత్రం వేయగానే ఎండుతుంది. సలాలాలో జూన్ నుండి సెప్టెంబరు వరకు సాగే ఖరీఫ్ జల్లుల తరువాత జరిగేదీ ఇదే.

ఇక శబ్దం సంగతి. ఉబ్బిన చెక్క మేకును ఒరుసుకొని తన నారనే నలుపుకొంటుంది. ఎండి కుంచించుకొన్నప్పుడు ఆ బెజ్జం మునుపటికంటే వదులవుతుంది. దానిపై కాలు మోపితే పలక కిందికి దిగుతుంది, కాలు తీస్తే పైకి లేస్తుంది. మేకును, పక్క పలకను రాసుకొంటూ పట్టుకోవడం, జారడం, మళ్ళీ పట్టుకోవడం క్షణంలో అనేక పర్యాయాలు జరుగుతుంది. వయొలిన్ తీగపై కమాను చేసే పని సరిగ్గా ఇదే. శ్రుతి ఒక్కటే తక్కువ.

ఆంధ్రదేశపు రైతుకు ఈ గుణం కొత్త కాదు. ఎండలకు బండిచక్రపు ఆకులు వదులై, ఇనుప పట్టా జారబోతే, బండిని చెరువు నీటిలో దింపి నిలిపేవారు. చెక్క ఉబ్బి చక్రం బిగిసేది. ఒమన్ నావికులకు సైతం ఇది వరమే. 1980లో సూర్‌లో టిం సెవెరిన్ ఆధ్వర్యంలో కట్టిన 'సొహార్' ఓడలో మేకులు లేవు. మలబారు కలప పలకలను కొబ్బరినార తాళ్ళతో కుట్టారు. ఓడ నీటిలో దిగితే పలకలు ఉబ్బి అతుకులు బిగుస్తాయి. తాళ్ళు ఆ కదలికకు చోటిస్తాయి. ఆ ఏడాది నవంబరులో మస్కట్‌ విడిచిన ఆ ఓడ 1981 జూలైలో చైనాలోని కాంటన్ చేరింది. అల్ బుస్తాన్ కూడలిలో నిలిపి ఉంచిన ఓడ అదే.

ఓడకు మేలు చేసిన నీరు ఇంటి నేలకు మాత్రం తగదు. తడిగుడ్డతో నానబెడితే కిర్రు రెండు రోజులు ఆగి, ఎండిన పిమ్మట హెచ్చుతుంది. కొబ్బరినూనె పోస్తే మరకలు, దుమ్ము మిగులుతాయి. తిరిగివచ్చిన తరువాత రెండు మూడు వారాలు ఇల్లు మామూలుగా వాడనిచ్చి, అప్పటికీ ఆగని చోట్లనే గుర్తించడం మేలు. ఒకరు నడుస్తుండగా మరొకరు చెవి ఒగ్గి సుద్దతో గీత గీస్తే చాలు. పిల్లలకు ఇది ఆటగా కూడా ఉంటుంది. పలకల నడుమ శబ్దమైతే సందులో టాల్కం పొడి చల్లి మెత్తని కుంచెతో లోపలికి దించాలి. పలక అడుగుబద్దె నుండి లేచినదైతే పాత మేకునే మళ్ళీ కొట్టడం వృథా, బెజ్జం ఎప్పుడో వదులైంది. ముందుగా సన్నని బెజ్జం వేసి, పలక గుండా బద్దెలోకి స్క్రూ బిగించాలి. దాని మరలు కొత్త నారను కరచి పట్టుకొంటాయి. కింద నీటి గొట్టం, కరెంటు తీగ లేవని నిర్ధారించుకోనిదే డ్రిల్లు ముట్టరాదు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి సరేసరి.

లామినేట్ నేలకు స్క్రూ పనికిరాదు. అది కింద దేనికీ అతకక తేలుతూ ఉండవలసిన నేల. గోడల వెంట సుమారు 8 నుండి 10 మిల్లీమీటర్ల ఖాళీ లేకుంటే ఉబ్బిన పలకలు గోడను తన్ని పైకి లేస్తాయి. స్కర్టింగ్ పట్టీ విప్పి చూసి, అంచు గోడకు ఆనుకొన్నచోట కొంత కోయిస్తే నేల దిగి కూర్చుంటుంది. పట్టీని మళ్ళీ బిగించేటప్పుడు మేకు గోడకే దిగాలి, నేలకు కాదు.

తట్టినప్పుడు చెక్క డొల్లగా మోగినా, మట్టిగూళ్ళు కనిపించినా విషయం వేరు. అది చెదపురుగు పని. పొడితోనో స్క్రూతోనో తీరేది కాదు, వెంటనే మందు కొట్టించాలి. మిగతా వారు వచ్చే వేసవికి బయలుదేరేముందు చేయవలసింది ఒక్కటే: మస్కట్‌లో ఉండే మిత్రులెవరికైనా తాళంచెవి ఇచ్చి, వారానికొకసారి కొన్ని గంటలు ఎయిర్ కండిషనర్ నడపమని కోరడం.