పిల్లికి పాలు కాదు.. నీళ్లు కావాలి!

మన ఊళ్లలో పిల్లిని పనిగట్టుకుని పెంచేవాళ్లు తక్కువ. అదే వస్తుంది, గోడెక్కి కూర్చుంటుంది, పాలగిన్నె మీద మూత జారితే తన పని తాను కానిచ్చేస్తుంది. పొద్దున్నే ఎదురొస్తే మాత్రం ఇంట్లోకి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాం. పిల్లి ఎదురొచ్చిందని మనం నీళ్లు తాగామే గానీ, ఆ పిల్లి నీళ్లు తాగిందా అని ఏనాడైనా అడిగామా?

బ్రిటన్‌కొచ్చాక కథ మారింది. ఇక్కడ నల్లపిల్లి ఎదురొస్తే అదృష్టమనుకునే వాళ్లు చాలామంది. పిల్లలు గోల చేశారనో, పక్కింటివాళ్లు ఇల్లు మారుతూ ఇచ్చి వెళ్లారనో, చలికాలం సాయంత్రాలు ఒంటరిగా గడవడం లేదనో మనవాళ్ల ఇళ్లలోకీ పిల్లులు చేరుతున్నాయి. మా ఇంట్లోకి బుజ్జిగాడు చేరిందీ అలాగే.

ఆ రాత్రి ఏం జరిగిందంటే..

కిందటి చలికాలం. మా ఇద్దరిలో ఒకరిది కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ, ఇంకొకరిది గోడౌన్‌లో డే షిఫ్ట్. గిన్నెనిండా పొడి మేత, పక్కనే ఒక నీళ్ల గిన్నె పెట్టి వెళ్లిపోయేవాళ్లం. ఒకరోజు సాయంత్రం వచ్చేసరికి బుజ్జిగాడు లిట్టర్ ట్రేలోకి వెళ్లడం, కూర్చోవడం, మూలగడం, లేచి రావడం. అరగంటలో పదిసార్లు. మలబద్ధకం కాబోలు అనుకున్నాం. పాలు పోశాం. ముట్టలేదు. అర్ధరాత్రికి వాంతి చేసుకుని మంచం కింద ముడుచుకుపోయాడు.

భయమేసి ఎమర్జెన్సీ వెట్‌కి ఫోన్ చేశాం. అవతల నర్సు అడిగింది రెండే ప్రశ్నలు. "మగదా, ఆడదా? ట్రేలో తడి ఉందా?" మగదే అన్నాం. ట్రే చూశాం, పొడిగా ఉంది. "ఇప్పుడే తీసుకురండి, పొద్దుటిదాకా ఆగకండి" అంది. మూత్రనాళం మూసుకుపోయింది. మత్తిచ్చి గొట్టం వేశారు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. బిల్లు నాలుగంకెల్లోకి వెళ్లింది. బుజ్జిగాడు బతికాడు, అదే పదివేలు. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ చెప్పిన మాట ఒకటే: "వీడి ఒంట్లోకి నీళ్లు వెళ్లేలా చూడండి."

ఎడారి పుట్టుక

ఇంటి పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల్లో తిరిగిన అడవిపిల్లి. దానికి చెరువు దగ్గర పనిలేదు. ఎలుకను పడితే అందులోనే నీరు దొరికేది, ఎలుక ఒంట్లో మూడింట రెండొంతుల పైనే నీరు మరి. ఆ బుద్ధి నేటి పిల్లికీ పోలేదు. కుక్కకు దాహమేస్తే గిన్నె ఖాళీ చేస్తుంది. పిల్లికి దాహం తెలియడమే ఆలస్యం. ఉన్న నీటినే పొదుపుగా వాడుకుంటూ మూత్రాన్ని బాగా చిక్కబరుస్తుంది. ఆ చిక్కదనంలో స్ఫటికాలు, రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. గండుపిల్లికి మూత్రనాళం మరీ సన్నం కాబట్టి దానికే ముప్పు. లావెక్కడం, ఇంట్లోనే ఉండిపోవడం, బెంగ కూడా కారణాలే. ఇల్లు మారినా, ఇండియా నుంచి చుట్టాలొచ్చి ఇల్లంతా సందడైనా కొన్ని పిల్లులకు మూత్రాశయం వాస్తుంది. అంచేత నీళ్లొక్కటే మందు అనలేం గానీ, మన చేతిలో ఉన్నవాటిలో తేలికైంది అదే.

లెక్క చూద్దాం

పిల్లికి రోజుకు కిలో బరువుకు దాదాపు 50 మిల్లీలీటర్ల నీరు కావాలి. అంటే 4 కిలోల పిల్లికి 200 మిల్లీలీటర్లు, మన టీ గ్లాసులతో రెండు. ఇది తిండిలోని నీటితో కలిపిన లెక్క. తడి మేతలో వందకు 80 వంతుల వరకు నీరే. 85 గ్రాముల పౌచ్‌లు మూడు తింటే 200 మిల్లీలీటర్లు అందినట్టే. అదే పొడి గుళికల్లో వందకు పది వంతులు కూడా ఉండదు. 60 గ్రాములు తింటే ఒంట్లోకి చేరేది ఒక చెంచా నీరు. మిగతాదంతా గిన్నెలోంచి తాగాలి. తాగదు. మా బుజ్జిగాడికి జరిగిందిదే.

మేం మార్చుకున్నవి

మొదట మేత. పొడి మేత తగ్గించి పౌచ్‌లు పెంచాం, అదీ వారం పది రోజుల్లో మెల్లగా. ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టొద్దు. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లికి కాలేయం దెబ్బతింటుంది. పౌచ్‌లో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపితే ఇంకా మంచిది.

తర్వాత గిన్నె. మేత పక్కన, లిట్టర్ ట్రే పక్కన పెట్టిన నీళ్లు చాలా పిల్లులకు నచ్చవు. మేం హాల్లో ఒకటి, బెడ్‌రూమ్‌లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి పెట్టాం. మూతి మీసాలు అంచుకు తగలనంత వెడల్పు ఉండాలి. ప్లాస్టిక్ వాసన పడుతుంది, పింగాణీదో గాజుదో మేలు. నిండుగా పోసి, రోజూ కడిగి మార్చాలి. పంపు నీళ్ల వాసన నచ్చకపోతే కాసేపు జగ్గులో ఉంచి పోయండి.

కొన్నింటికి కదిలే నీళ్లే ఇష్టం. పంపు కింద మూతి పెట్టేవాటికి చిన్న ఫౌంటెన్ కొనొచ్చు. ఫిల్టర్ మార్చకపోతే మాత్రం అది పాకుడు తొట్టే.

డ్యూటీకెళ్లే వాళ్లకో చిట్కా. గిన్నెల్లో కొలిచి పోయండి, తిరిగొచ్చాక మిగిలింది కొలవండి. ట్రేలో తడి ముద్దలెన్నో చూడండి. రెండు నిమిషాల పని. ఏదైనా తేడా వస్తే ఆ లెక్కే ముందు చెబుతుంది.

ఇవి మాత్రం వద్దు

పాలు పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. విరేచనాలై ఉన్న నీరూ పోతుంది. కోడికూర పులుసు అసలొద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. చికెన్ ఉడికించిన నీళ్లయితే ఉప్పు, కారం, ఉల్లి ఏదీ పడకముందే కాస్త తీసి చల్లార్చి పోయండి.

ఇంట్లో లిల్లీ పూలు పెట్టకండి. పుప్పొడే కాదు, ఆ కుండీలో నీళ్లు తాగినా మూత్రపిండాలు పోతాయి. ఇక చలికాలంలో కార్లలో పోసే యాంటీఫ్రీజ్. కారి గుంటలో చేరితే కొద్దిగా నాకినా ప్రాణం మీదికొస్తుంది. ఒలికితే వెంటనే కడిగేయండి. తాగిందన్న అనుమానమొచ్చినా గంటలు లెక్కపెట్టకుండా వెట్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఆగకూడని సమయం

ట్రేలో పదేపదే కూర్చుని చుక్క పడకపోతే, మూలుగుతుంటే, మూత్రంలో రక్తం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. బ్రిటన్‌లో వెట్‌లు 24 గంటలూ అత్యవసర ప్రథమ చికిత్సకు ఏర్పాటు చేయాలన్నది వారి వృత్తి నియమం. ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి.

తిరగేసి ఇంకోటి. ముసలి పిల్లి ఉన్నట్టుండి గిన్నెలకు గిన్నెలు తాగుతుంటే సంతోషించకండి. మూత్రపిండాల జబ్బో, షుగరో, థైరాయిడో కావచ్చు. పరీక్ష చేయించండి.

పౌండ్ల సంగతి

ఎన్‌హెచ్‌ఎస్ మనకే, పిల్లికి కాదు. ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్లు జబ్బు రాకముందే తీసుకోవాలి. ముందే ఉన్న జబ్బుకు సాధారణంగా డబ్బివ్వరు. పీడీఎస్ఏ, బ్లూ క్రాస్, ఆర్‌ఎస్‌పీసీఏ వంటి సంస్థలు తక్కువ ఆదాయం వాళ్లకు సాయం చేస్తాయి గానీ, తరచూ ప్రభుత్వ భృతి పొందుతున్నారా అని చూస్తాయి. వీసా మీదున్న మనలో చాలామందికి ఆ భృతి ఉండదు. అంచేత నెలకు కొంత పక్కన పెట్టడమే దారి. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లులకు మైక్రోచిప్ తప్పనిసరి అన్నదీ మరవొద్దు.

ఇప్పుడు మా ఇంట్లో మూడు నీళ్ల గిన్నెలు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చినవాళ్లు చెప్పులు విప్పకముందే గిన్నెలు చూస్తారు, తర్వాతే టీ. ఊళ్లో అమ్మకు ఫోన్‌లో చెబితే నవ్వింది. "పిల్లికి కూడా నీళ్ల లెక్కేంట్రా?" అంది. నవ్వాక ఒక్క క్షణం ఆగి అడిగింది: "ఇంతకీ డ్యూటీలో పడి నువ్వు సరిగ్గా నీళ్లు తాగుతున్నావా?"

ఆ లెక్క మాత్రం మేమింకా మొదలెట్టలేదు.