కారు షెడ్డు — నివాసపు గది

ఇంటిని ఆనుకొనియున్న కారు షెడ్డు ఖాళీపడినచో, దానిని ఇంటి పెద్దలకు పడకగదిగా మార్చవలెనని పలువురు తలంతురు. సున్నము వేసి మంచము వాల్చినంత మాత్రమున షెడ్డు గది కాజాలదు. వాహనమును బాధింపని చెమ్మయు, ఉక్కయు, ఎండయు మనుష్యుని బాధించును.

షెడ్డు నేల తరచు ఇంటి నేల కంటె పల్లముగా ఉండును. పాలిథిన్ పట్టాను నేలపై పరచి, అంచులను అంటించి, ఒక దినము ఉంచుడు. దాని అడుగున తడి కనిపించినచో చెమ్మ భూమి నుండియే వచ్చుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు చెమ్మ నాపు పొరను పరచి, దానిపై కాంక్రీటు వేసి, నేలను ఇంటి మట్టమునకు ఎత్తవలెను.

ఉక్క ప్రదేశములలో కిటికీల వైశాల్యము నేలలో ఆరవవంతుండవలెనని 2005 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పినది. 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల షెడ్డుకు ఇది 30 చదరపు అడుగులగును. షట్టరు తీసిన చోట ఒక కిటికీని, వేరొక గోడలో మరియొక దానిని ఉంచినచో గాలి ఆడును. శ్లాబుపై తెల్లసున్నము పూసినచో ఎండవేడి కొంత తగ్గును.

కిటికీ ప్రక్కన వాహనపు ఇంజనును నడుపుచు ఉంచరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని ప్రాణాంతకమైన విషము. ప్లానులో వాహనమునకై చూపిన చోటును మార్చుటకు ముందు పురపాలక సంఘమును విచారింపుడు. రంగులు, తెరలు ఈ పనులన్నియు ముగిసిన పిదపనే.