నాలుగేళ్లు దాటిన పిల్లలకి టూర్‌లో స్ట్రోలర్ అవసరమా? సాగర్ ట్రిప్‌లో నాకు తెలిసొచ్చింది

ఈరోజు టాపిక్ వింటే కొందరికి నవ్వు రావచ్చు. నాలుగేళ్లు దాటిన పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్తున్నప్పుడు స్ట్రోలర్, అదే మనం ఇంట్లో బేబీ బండి అంటాం కదా, అది పట్టుకెళ్లాలా వద్దా? మాది సూర్యాపేట. మా అమ్మవాళ్లది మిర్యాలగూడ, మా ఆడపడుచుని కోదాడలో ఇచ్చారు. ఈ మూడు ఊర్లలో ఎవరింటికి పోయినా నాకు వినపడిన మాట ఒక్కటే. "గింత పెద్ద పోరడికి ఇంకా బండేంది?"

ఆ మాటకి సిగ్గుపడి నేనొక తప్పు చేశాను. ముందు అది చెప్తా.

సాగర్‌లో ఏం జరిగింది

పోయిన దసరా సెలవుల్లో నాగార్జునసాగర్ పోయాం. మా బాబుకి అప్పుడు నాలుగున్నరేళ్లు. పొద్దున్నే కారు డిక్కీలో బండి పెట్టాను. అత్తమ్మ చూసి నవ్వింది, ఆడపడుచు కూడా నవ్వింది. నేను ఏం మాట్లాడకుండా బండి తీసి ఇంట్లో పెట్టేశా. మిర్యాలగూడలో అమ్మని ఎక్కించుకుని, హాలియా మీదుగా సాగర్ చేరుకున్నాం.

పొద్దున బుద్ధవనం చూశాం. 2022 మేలో ఓపెన్ చేసిన ప్లేస్ అది, సుమారు 274 ఎకరాలు. బాబు అక్కడ బాగానే ఉరికాడు. తర్వాత లాంచీ ఎక్కి నాగార్జునకొండ పోయాం. దీవి మీద మ్యూజియం దాకా నడక, మళ్లీ తిరిగి లాంచీ దాకా నడక. తిరిగొచ్చేటప్పుడు మావాడు దారి మధ్యలో కూర్చుండిపోయాడు. ఎత్తుకున్నా. పదహారు కిలోలు. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చంకన వాడు. కొంచెం దూరం పోయేసరికి నడుము పట్టేసింది. దించితే కింద పడుకుని ఏడుపు. వెనక జనం, ముందు లాంచీ టైమ్ అయిపోతోంది. నాకు కోపమొచ్చి వీపు మీద ఒకటి కొట్టాను.

వాడు ఏడుపు ఆపేసి, మెల్లగా "కాళ్లు నొప్పి అమ్మా" అన్నాడు.

కారెక్కిన రెండు నిమిషాలకే మా అమ్మ ఒళ్లో నిద్రపోయాడు. అప్పుడర్థమైంది నాకు. వాడు మొండికేయలేదు, అలసిపోయాడు అంతే. నలుగురు నవ్వుతారని నేను బండి వదిలేసి వచ్చాను. దానికి దెబ్బ వాడు తిన్నాడు.

ఇంట్లో ఉరికేవాడు టూర్‌లో ఎందుకు కూలబడతాడు?

ఇంటి దగ్గర పిల్లల ఆట గమనించండి. కాసేపు ఉరుకుతారు, ఆగుతారు, మట్టిలో కూర్చుంటారు, మళ్లీ ఉరుకుతారు. ఎప్పుడు ఆగాలో వాళ్లే డిసైడ్ చేసుకుంటారు. టూర్‌లో అలా కుదరదు. మన స్పీడ్‌లో, మనం చెప్పిన దారిలో, ఆగకుండా నడవాలి. మనం ఒక అడుగు వేసే చోట వాళ్లు రెండు వేయాలి. దానికి తోడు తెల్లవారుజామున లేపుతాం, మధ్యాహ్నం నిద్ర ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం, మూడు నాలుగేళ్ల పిల్లలకి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. టూర్ రోజున మన పిల్లలకి అందులో ఎంత దొరుకుతుందో మీరే లెక్కేసుకోండి.

"బండి అలవాటైతే నడవడం మర్చిపోతాడు" అంటారు పెద్దవాళ్లు. ఇందులో కొంచెం నిజం ఉంది. అవే సూచనల్లో ఇంకో మాట కూడా ఉంది. ఈ వయసు పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలి, స్ట్రోలర్ లాంటి వాటిలో ఒకేసారి గంటకి మించి కట్టేసి కూర్చోబెట్టకూడదు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు రూల్ ఏంటంటే, పొద్దున వాడు నడుస్తాడు, బండి ఖాళీగా వస్తుంది. అలిసినప్పుడు, నిద్రొచ్చినప్పుడు ఎక్కుతాడు. ఊర్లో ఉన్నప్పుడు అసలు బండి బయటికి తీయం.

వయసు కాదు, నేల చూడండి

బండి తీసుకెళ్లాలా వద్దా అనేది పిల్లాడి వయసు కంటే మీరు పోయే చోటు మీద ఆధారపడి ఉంటుంది.

హైదరాబాద్ జూ పార్క్, ఎయిర్‌పోర్ట్, మాల్స్ లాంటి చోట్ల నేల చదునుగా ఉంటుంది, నడక ఎక్కువ. తప్పకుండా తీసుకెళ్లండి.

సూర్యలంక బీచ్‌లో ఇసుకలో చిన్న చక్రాలు దిగబడిపోతాయి. పార్కింగ్ దాకానే బండి. తోయడం కుదరకపోతే వెనక్కి తిప్పి లాగితే కొంచెం కదులుతుంది.

మెట్లు, రాతి గడపలు ఉన్న గుళ్లకి వద్దు. మన పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలం గుళ్లు ఉన్నాయి కదా, ఒక ఆదివారం అక్కడికి పట్టుకెళ్లి ట్రై చేయండి. ఎక్కడ తోయగలం, ఎక్కడ ఎత్తాల్సి వస్తుంది అనేది పెద్ద టూర్‌కి ముందే తెలిసిపోతుంది.

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర లాంటి రద్దీలో బండి అసలే వద్దు. పిల్లాడు జనం కాళ్ల ఎత్తులో ఉండిపోతాడు, తొక్కిసలాట లాంటిది జరిగితే పక్కకి తీయడం కష్టం. అక్కడ ఎత్తుకోవాల్సిందే. ఇద్దరు మార్చుకుంటూ ఎత్తుకోండి. పిల్లాడి చేతి మీద మీ ఫోన్ నెంబర్ పెన్నుతో రాయండి.

పాత బండి పనికొస్తుందా?

అటక మీద ఉన్న పాత బండి దించేముందు దాని మీద లేబుల్ చూడండి. చాలా స్ట్రోలర్లు 15 కిలోల వరకే. నాలుగేళ్ల పిల్లల సగటు బరువే 16 కిలోల దాకా ఉంటుంది. 20, 22 కిలోల వరకు మోసేవి కూడా దొరుకుతాయి. సీటు వీపు, కాళ్లు పెట్టుకునే చోటు పొడవుగా ఉండాలి. కాళ్లు కింద రాసుకుంటే చక్రంలో ఇరుక్కుంటాయి.

మన ప్రయాణాలకి గొడుగులా మడిచే రకం బెస్ట్. దీని కథ భలే ఉంటుంది. ఓవెన్ మెక్‌లారెన్ అని బ్రిటన్‌లో విమానాల ఇంజినీర్ ఒకాయన ఉండేవాడు. ప్రయాణాల్లో కూతురు బరువైన బండితో పడే తిప్పలు చూసి, విమానం చక్రాలు మడిచే పద్ధతి తెలిసినవాడు కాబట్టి, 1965లో తేలికైన మడిచే బండి డిజైన్ చేశాడు. అంటే ఇది పుట్టిందే ప్రయాణం కోసం.

కారు, బస్సు, రైలు, ఫ్లైట్

కారులో బండి డిక్కీలోనే ఉండాలి. హైవే మీద పిల్లాణ్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. చైల్డ్ సీట్‌కి స్ట్రోలర్ బదులు కాదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకి సీటు బెల్టో చైల్డ్ సీటో లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా.

సూర్యాపేట, కోదాడ వాళ్లకి బస్సే దిక్కు. ఎక్స్‌ప్రెస్ రద్దీలో బండి విప్పి ఉంచితే గొడవే, బస్టాండ్‌లోనే మడిచేయండి. డిక్కీ ఉన్న బస్సైతే అందులో పెట్టించండి.

మిర్యాలగూడలో రైలెక్కేవాళ్లు రైలు రాకముందే మడవండి. ఆగేది కాసేపే. ఒకరు పిల్లాణ్ని, ఇంకొకరు బండిని పట్టుకోండి. లోపల కింది బెర్త్ కిందకి తోసేయొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకి బెర్త్ అడగకపోతే రైల్లో టికెట్ అక్కర్లేదు.

ఫ్లైట్‌లో స్ట్రోలర్ ఫ్రీనా కాదా, ఏ వయసు దాకా అనేది ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కో రూల్. బుక్ చేసేముందే చదవండి. ఇచ్చేముందు బండిని నాలుగు వైపులా ఫోటో తీసుకోండి, పేరు, నెంబర్ రాసి కట్టండి.

ఇవి మాత్రం చేయకండి

హ్యాండిల్‌కి బరువు బ్యాగులు తగిలించకండి. పిల్లాడు దిగగానే బండి వెనక్కి పడుతుంది. పెద్దవాడే కదా అని బెల్టు వదిలేయకండి. ప్లాట్‌ఫాం మీద, లాంచీ రేవు దగ్గర ఆగిన ప్రతిసారీ బ్రేక్ వేయండి. ఎస్కలేటర్ మీద బండి ఎక్కించకండి, లిఫ్ట్ వాడండి. ఎండాకాలం మందపాటి గుడ్డ కప్పితే లోపల గాలి ఆడదు, ఇంకా వేడెక్కిపోతుంది. ఇంకోటి, రీల్ తీసుకుంటూ ఒంటి చేత్తో తోయకండి.

టూర్‌లో కాదు, ఇంట్లో కూడా తోటి పిల్లలకంటే త్వరగా అలిసిపోతున్నా, కుంటుతున్నా, ఆయాసపడుతున్నా, బండి గురించి ఆలోచించడం ఆపి పిల్లల డాక్టర్‌కి చూపించండి.

మళ్లీ టూర్

సంక్రాంతికి హైదరాబాద్ జూ పోయాం. ఈసారి బండి డిక్కీలోంచి తీయలేదు. అత్తమ్మ చూసింది, నేనే ముందు చెప్పా, "సాగర్‌లో వీణ్ని కొట్టాను అత్తమ్మా, మళ్లీ కొట్టాలని లేదు" అని. ఆమె ఏం అనలేదు. పులుల దాకా వాడు నడిచాడు. అన్నం తిన్నాక బండెక్కి గంటసేపు పడుకున్నాడు. లేచాక మళ్లీ ఏనుగుల దాకా నడిచాడు. దారిలో ఒకరిద్దరు మావైపు చూసి నవ్వారు. నవ్వనీయండి, వాళ్లెవరో కూడా నాకు తెలియదు.

సరే ఫ్రెండ్స్, సెలవులకి ఎక్కడికైనా ప్లాన్ చేస్తుంటే ఈరోజే బండి మీద లేబుల్ చూడండి.